వలకు సీసం గుండ్లు: ఉత్తవా, పౌడర్ కోటింగ్‌వా?

మా ఇంట్లో విసురు వలకు సీసం గుండ్లు మేమే పోసుకుంటం. డిండి ప్రాజెక్టుకు పోయి ఉత్త గుండ్ల వల లాగితే పొద్దుగూకేసరికి అరచేతులు నల్లగ అయితయి. ఆ చేతులతోనే బువ్వ తినేటోళ్లం. మా నాయిన గుండును పళ్లతో నొక్కి తాడుకు బిగించేటోడు. తలుచుకుంటే ఇప్పటికీ భయమైతది. సీసం విషం, పిల్లల మెదడుకు మరీ చేటు.

పౌడర్ కోటింగ్ అంటే గుండ్లకు రంగు పొడి పట్టించి, ఓవెన్‌ల వేడి చేసి పొర ఎక్కించుడు. అట్ల చేసిన గుండ్లకు ఆ మరక లేదు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతది, పౌడర్ 180-200 మధ్యనే కరిగి పొరలెక్క గట్టిపడ్తది, అందుకే గుండు ఆకారం చెడదు. ఓవెన్ మాత్రం వంటకు వాడేది అసలే వద్దు. పని, ఖర్చు ఎక్కువే. రాళ్ల మీద ఈడిస్తే పొర పెచ్చులు లేస్తది, లోపలి సీసం మళ్లీ బయటపడ్తది.

బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. పోసేటప్పటి ప్రమాదం రెండింటికీ ఒక్కటే: అచ్చులో తడి ఉంటే కరిగిన సీసం ఫట్టుమని చిమ్మి మీద పడ్తది. అచ్చు బాగా ఎండబెట్టి, ఆరుబయట, పిల్లలను దూరం పెట్టి పోయాలె. నేనైతే ఇప్పుడు కోటింగ్‌వే కడ్తున్న, పెచ్చు లేసిన గుండును ఆ రోజే మారుస్తున్న.