28 కిలోల మడత సైకిలుతో కళింగపట్నం దాకా

షాపులో మడత సైకిల్ని చూసి మనసు పారేసుకోవడం చాలా తేలిక. కుర్రాడొచ్చి మధ్యలో గొళ్ళెం లాగుతాడు, హ్యాండిల్ వంచుతాడు, పెడళ్ళు లోపలికి మడుస్తాడు. నిమిషంలో సైకిలు కాస్తా మూట అయిపోతుంది. చప్పట్లు కొట్టడం ఒక్కటే తక్కువ. ఆ మూటని ఓసారి ఎత్తి చూడండని మాత్రం ఎవరూ అనరు.

మాది విజయనగరం. లావు టైర్ల మడత ఎలక్ట్రిక్ సైకిల్ కొందామని రెండు నెలలుగా ఊగిసలాడుతున్నాను. గాజువాకలో ఉండే మా బావమరిది ఆరు నెలల కిందటే అలాంటిది కొన్నాడు. 20 అంగుళాల చక్రాలు, 4 అంగుళాల మందం టైర్లు, 36 వోల్టుల 10.4 ఆంపియర్ అవర్ బ్యాటరీ. పుణె కంపెనీ ఈమోటోరాడ్ డూడుల్ పేరుతో అమ్మేది కూడా ఈ తరహాదే. నా స్నేహితుడి దగ్గర మామూలు టైర్ల మడత ఎలక్ట్రిక్ సైకిల్ ఉంది, బ్యాటరీ చిన్నది, 7.8 ఆంపియర్ అవర్. "బావా, షాపు ముందు రెండు రౌండ్లు తిప్పితే ఏం తెలుస్తుంది? రెండూ వేసుకుని శ్రీకాకుళం వైపు మూడు రోజులు పోదాం" అన్నాడు బావమరిది. సంక్రాంతి హడావుడి అయిపోయింది, రథసప్తమి జనం ఇంకా మొదలవలేదు. బయల్దేరాం.

పొద్దున్న పాసింజరు ఎక్కి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, అంటే ఆమదాలవలసలో దిగాలని ప్లాను. మొదటి పాఠం విజయనగరం స్టేషన్ మెట్ల మీదే అయింది. లావు టైర్ల సైకిల్ 28 కిలోలు. మన ఇళ్ళకి వచ్చే బియ్యం బస్తా 25 కిలోలు. బస్తాని భుజాన వేసుకోవచ్చు, దీన్ని వేసుకోలేం. ఎక్కడ పట్టుకున్నా ఏదో ఒకటి పొడుస్తుంది, చైను నూనె చొక్కాకి అంటుతుంది. మడిచాక చక్రాల మీద దొర్లించుకుపోవచ్చు అనుకున్నాను. దొర్లదు, పక్కకి ఒరిగిపోతుంది. నా చేతిలో ఉన్న స్నేహితుడి సైకిలు 20 కిలోలు. అది కూడా తేలికేం కాదు గానీ ఓపికపడితే మెట్లెక్కించగలను.

రైల్లో బరువుతో పేచీ లేదు, సెకండ్ క్లాసులో 35 కిలోల దాకా ఉచితమే. పేచీ కొలతలతో. బోగీలోకి తెచ్చుకునే పెట్టె 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు మించకూడదని రూలు. మడిచాక లావు చక్రాలు రెండూ పక్కపక్కనే చేరితే 25 సెంటీమీటర్లు ఎక్కడ సరిపోతాయి? సీటు కింద దూరలేదు. తలుపు పక్కన నిలబెట్టి, దిగేదాకా బావమరిది దాన్ని పట్టుకునే ఉన్నాడు. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ వాడిని తిట్టడానికి మొహమాటపడ్డారు, అంతే. మడత సైకిలు రైలు కోసమే అనుకుంటే లావు టైర్ల వైపు చూడకండి. ఈ మాట నాకు మూడు రోజుల ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం ఊళ్ళోకి 13 కిలోమీటర్లు తొక్కాం. పగిలిన తారు, అక్కడక్కడా కంకర. నా సైకిలు ప్రతి గతుకూ మోచేతులకి చెప్పింది, బావమరిది హాయిగా కబుర్లు చెప్పుకుంటూ పోయాడు. ఇద్దరం మధ్యలో మార్చుకున్నాం. మందం టైరులో గాలి తక్కువ పెడతారు, మామూలు రోడ్డుకి 20 పీఎస్ఐ లోపే. ఆ గాలే స్ప్రింగులా పనిచేస్తుంది. నడుంనొప్పి ఉన్నవాళ్ళకి ఈ ఒక్క సుఖం చాలు. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక కానిస్టేబుల్ గారు ఆపి "నంబరు ప్లేటు ఏదండీ?" అన్నారు. మోటారు 250 వాట్లు దాటకపోతే, వేగం గంటకి 25 కిలోమీటర్లు మించకపోతే రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదని చెప్పాను. మోటారు మీద రాసి ఉన్నది వంగి చదువుకుని, టైరుని ఓసారి నొక్కి చూసి పంపించారు. షాపులో ఎవరైనా 750 వాట్లది అంటగట్టబోతే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. అది చట్టం లెక్కలో సైకిలు కాదు.

బస కోసం మూడు లాడ్జీలు చూశాం. మొదటిదాంట్లో రూములు శుభ్రం, కానీ రెండో అంతస్తు, లిఫ్టు లేదు. "సైకిలు కిందే పెట్టండి, ఎవరూ ముట్టుకోరు" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. కింద అంటే రోడ్డు మీదే. రెండోదాంట్లో లిఫ్టు ఉంది, దాన్లో లావు సైకిలూ మనిషీ కలిసి పట్టరు. మూడోది ఆర్టీసీ బస్ కాంప్లెక్సుకి దగ్గర్లో, రూము రూ. 1,200. మంచం కిర్రుమంటుంది, వేడినీళ్ళు ఏడింటి దాకానే. అయితే వెనక గేటున్న సెల్లారు ఉంది, రాత్రంతా వాచ్‌మన్ ఉంటాడు. అదే తీసుకున్నాం. బ్యాటరీలు మాత్రం ఊడదీసి పైకి తెచ్చుకున్నాం. ఇక్కడ ఇంకో తమాషా. గదిలో కార్డు పెడితేనే కరెంటు, టిఫినుకని కార్డు తీసుకుని వెళ్తే చార్జింగ్ ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి ఎక్కడున్నది అక్కడే. ఒకందుకు మంచిదే అయిందిలెండి, లిథియం బ్యాటరీని చార్జింగ్‌లో పెట్టి గదికి తాళం వేసి వెళ్ళడం నాకూ ఇష్టం లేదు. 2 ఆంపియర్ల చార్జరుతో 10.4 ఆంపియర్ అవర్ నిండాలంటే ఐదు గంటల పైనే. రాత్రి పదకొండు దాకా మేలుకుని, నిండాక తీసేసి పడుకున్నాం.

రెండో రోజు తెల్లవారకముందే అరసవల్లి. ఊరికి ఆనుకునే ఉంటుంది. మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి, ఆ రోజుల్లో అయితే సైకిలు కాదు కదా చెప్పులు పెట్టుకోవడానికి చోటుండదు. గుడి వీధిలో లావు సైకిలు లోపం ఒకటి బయటపడింది. దానికున్నది పెడల్ తిరిగిందా లేదా అని మాత్రమే చూసే సెన్సరు. కాలు కదిలిన క్షణం తర్వాత మోటారు గుంజుతుంది, ఆపినా క్షణం ఆగి ఆగుతుంది. ముందు ఆవు, పక్కన పూలబుట్టలు, ఈ లోపల గుంజుడు. బ్రేకు పట్టగానే మోటారు కట్ అయ్యే ఏర్పాటు ఉంది కాబట్టి సరిపోయింది. కాలు ఎంత గట్టిగా నొక్కామో చూసి దాన్నిబట్టి సాయం చేసే టార్క్ సెన్సరు ఉన్నవి మెత్తగా పోతాయి, ధర ఎక్కువ. జనంలో నడిపేవాళ్ళు ఆ ధర పెట్టవచ్చు.

శ్రీకూర్మంలో సైకిళ్ళు ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే కొబ్బరికాయలమ్మే ఆమె పిలిచింది. "ఏటి బాబూ, ఇదేటి సైకిలు? గేదె కాళ్ళ నాగున్నాయి టైర్లు" అని నవ్వింది. రెండూ మడిచి ఆమె బల్ల కింద తోశాం. మూడు రోజుల్లో మడత నిజంగా అక్కరకొచ్చింది ఈ ఒక్కచోట, తర్వాత బస్సులో. కాయలు రెండు ఆమె దగ్గరే కొన్నాం, అద్దె అడగలేదు. గుడిలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళని పెంచుతారు. గంటకి 25 కిలోమీటర్ల వేగం గురించి రాత్రంతా మాట్లాడుకున్న మేం వాటి ముందు ఓ పావుగంట కూర్చుండిపోయాం.

గార మీదుగా కళింగపట్నం వెళ్ళేటప్పుడు తప్పు చేశాం, భోజనం చేసి మధ్యాహ్నం బయల్దేరాం. మధ్యాహ్నమయ్యేసరికి గాలి సముద్రం మీంచి ఎదురు కొడుతుంది. మామూలు టైర్లది పెద్దగా లెక్కచేయలేదు. లావు టైర్లది బ్యాటరీని నీళ్ళలా తాగింది. లెక్క వేసి చూడండి. వోల్టులు 36ని ఆంపియర్ అవర్లు 10.4తో గుణిస్తే 374 వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే మొత్తం కరెంటు. ఆ రోజు మీటరు 30 కిలోమీటర్లు చూపించేసరికి బ్యాటరీ గుర్తులో ఒక గీత మిగిలింది, అంటే కిలోమీటరుకి 12 దాకా తినేసింది. నా దాన్లో ఉన్నవి 281 మాత్రమే. అయినా రెండు గీతలు మిగిలాయి. టైరు లావయ్యేకొద్దీ బ్యాటరీ కూడా లావవ్వాలి, లేకపోతే ఆఖరి ఐదు కిలోమీటర్లు 28 కిలోల ఇనుముని కాళ్ళతో తొక్కాలి. బావమరిది తొక్కాడు. కబుర్లు ఆగిపోయాయి.

ఇసకలో మాత్రం వాడిదే రాజ్యం. వంశధార సముద్రంలో కలిసే చోటు, సరుగుడు తోటలు, దీపస్తంభం, ఆదివారం కాదు కాబట్టి జనం పల్చగా. టైర్లలో గాలి 8 పీఎస్ఐకి దింపాడు. అల వచ్చి వెనక్కిపోయిన తడి ఇసక మీద ఆ సైకిలు పోతుంటే కింద తివాచీ పరిచినట్టుంది. నాది పది గజాలు పోయి ముక్కు దిగేసింది. అలాగని షాపు వీడియోల్లోలా పొడి ఇసకలో దూసుకుపోతుందని నమ్మకండి. పొడి ఇసకలో పాతిక గజాలకే మోటారు మూలిగింది, చేత్తో ముడితే కాలుతోంది. దిగి తోయాల్సిందే. తోసేటప్పుడు ఆ బరువు మళ్ళీ గుర్తొచ్చింది. సాయంత్రం రెండిటినీ మగ్గుతో మంచినీళ్ళు పోసి కడిగి, చైన్లు తుడిచి నూనె రాశాం. పైపుతో గట్టిగా కొడితే మోటారు వైర్ల దగ్గర నీళ్ళు దిగుతాయి. ఉప్పుని అలాగే వదిలేస్తే వారంలో తుప్పు.

రాత్రి బస బీచికి నడక దూరంలో చిన్న గది. రూ. 900, కింద గది కాబట్టి సైకిళ్ళు లోపలికే వచ్చాయి. మూడు రోజుల్లో నాకు బాగా నచ్చిన బస ఇదే. చేపల పులుసు అన్నం చెప్తే వండిపెట్టారు, ముందే చెప్పాలి. కరెంటు రెండు గంటలు పోయింది, దాంతో చార్జింగ్ పూర్తవలేదు. దోమలు లెక్కలేనన్ని.

మూడో రోజు శాలిహుండం వెళ్ళే దారిలో లావు సైకిల్ వెనక టైరు పంక్చరు. ముల్లు. ఈ ముచ్చట కాస్త వివరంగా చెప్పాలి. వెనక చక్రంలోనే మోటారు ఉంటుంది, దాని నుంచి వైరు బయటికొస్తుంది, రెండు పక్కలా పెద్ద నట్లు. ఊళ్ళో సైకిల్ షాపు ఆయన చుట్టూ ఓసారి తిరిగి చూసి "చక్రం ఇప్పను బాబూ, వైరు తెగితే నేనేటి సెయ్యను" అన్నాడు. ఆ మాటతో మా గుండెలు జారాయి. ఆయనే మళ్ళీ చక్రం ఇప్పకుండానే టైరు ఒకవైపు అంచు లేపి, ట్యూబు బయటికి లాగి, నీళ్ళ తొట్టిలో ముంచి చిల్లు పట్టుకున్నాడు. సొల్యూషన్ రాసి ప్యాచ్ వేశాడు. ట్యూబు మార్చాల్సి వస్తే మాత్రం ఆ సైజుది ఆయన దగ్గర లేదు, శ్రీకాకుళంలో మేం అడిగిన రెండు షాపుల్లోనూ లేదు. నా దానికయితే పిల్లల సైకిలు ట్యూబు సరిపోతుంది, ఎక్కడైనా దొరుకుతుంది. లావు టైర్లది కొంటే ఆ రోజే స్పేర్ ట్యూబు, స్పానరు, చేతి పంపు కొనేయండి. వాల్వు మోటార్ సైకిల్ రకమే కాబట్టి బంకులో గాలి పట్టించవచ్చు. కానీ బంకు కుర్రాడు అలవాటు కొద్దీ 30 కొట్టేస్తాడు, దగ్గర నిలబడాలి.

శాలిహుండం కొండ కింద సైకిళ్ళు పెట్టి నడిచి ఎక్కాం. పైన ఇటుక స్తూపాల పునాదులు, చైత్యాలు, కింద వంశధార. ఈ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. వాడుక భాష కోసం పోట్లాడిన మనిషి ఈ కొండెక్కి శిథిలాలు కూడా వెతికాడంటే ఓపిక చూడండి. నీడ తక్కువ, నీళ్ళు తీసుకెళ్ళండి.

తిరుగు ప్రయాణం శ్రీకాకుళం కాంప్లెక్స్ నుంచి బస్సు. మొదటి బస్సు డిక్కీ నిండిపోయింది. రెండోదాంట్లో కండక్టర్ గారు సామాను టికెట్ కొట్టి, డిక్కీ తెరిపించారు. రెండూ పట్టాయి. ఎత్తి లోపల పెట్టడానికి ఒక్కసారే వంగాలి, మెట్లు లేవు, మనుషుల తిట్లు లేవు. మడత సైకిలుకి మన వైపు బస్సే నయం. దింపేటప్పుడు చూస్తే లావు సైకిల్ మధ్య గొళ్ళెం లటలటలాడుతోంది. గతుకులకి వదులైంది. ఆ బోల్టు నెలకోసారి బిగించుకోవాలని బావమరిదికి అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది ఒక్కటే, "మన మేడ మీదికి ఎవరు మోస్తారు?" మాది మొదటి అంతస్తు, 18 మెట్లు. రెండు రోజులు మెట్ల కింద ఉన్న పాత డబ్బాలూ కుండీలూ తీసేసి టేపుతో కొలుచుకున్నాను. మడిస్తే సరిగ్గా పడుతుంది. గోడకి ఇనప కొక్కెం కొట్టిస్తే గొలుసు వేయవచ్చు, బ్యాటరీ ఒక్కటీ పైకి.

ఆ తర్వాత షాపుకి వెళ్ళాను. టార్క్ సెన్సరున్న లావు టైర్లది చూపించాడు, 26 కిలోలట. కుర్రాడు మడిచి చూపించబోతే "మడత తెలుసు నాయనా, మీ మేడ మెట్లు ఎటు?" అన్నాను. వాడు ఓనరు వైపు చూశాడు. దాన్ని ఎత్తుకుని తొమ్మిది మెట్లెక్కాను. మలుపులో దింపేసి, ఆయాసం తీరేదాకా ఆగి, కిందికొచ్చి అడ్వాన్సు ఇచ్చాను. స్పేర్ ట్యూబు రెండు కలిపి బిల్లు వేయమన్నాను.