అన్న ఇంజను: ఆరేళ్ళ వాడకం తర్వాత

ఇది బొమ్మ విమానాలకి బిగించే ఒకటిన్నర సీసీ మోడల్ డీజిల్ ఇంజను. దాని బరువెంతో, ముందుండే ఫ్యాను కొలతెంతో నేను చెప్పబోవడం లేదు. నేను రాసేదంతా దాని నెత్తిన ఉండే, ఇంగ్లీషు 'T' అక్షరం ఆకారపు మర (స్క్రూ) గురించే. ఆరేళ్ళలో నన్ను ఏడిపించిందీ అదే, ఇంజనుని ఎవరికీ ఇవ్వనివ్వనిదీ అదే.

ఇది మా అన్నది. మాది కావలి. శ్రీహరికోటలో రాకెట్ లేచిందంటే వీధంతా డాబాలెక్కేది. అన్న మాత్రం "దానికి రెక్కలేవి మే?" అనేసి కిందకి దిగిపోయేవాడు. బాల్సా చెక్కతో విమానం చేసి, రెండు తీగలు కట్టి, జవహర్ భారతి కాలేజీ గ్రౌండులో తన చుట్టూ తిప్పుకునేవాడు. నిజానికి విమానం ఒక సాకు, అసలు పిచ్చి ఇంజను మీద. లెక్కల నోటుబుక్కు వెనక పేజీల నిండా సిలిండర్లు గీసేవాడు, పొగ పోయే కంత ఎంత ఎత్తులో ఉండాలి, గాలి లోపలికొచ్చే కంత ఎంత కింద ఉండాలి అని. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అన్నట్టు మా వీధికి వాడే ఇంజనీరు. ఆముదం అంటే గుర్తొచ్చింది, ఇందులో పోసేది ఈథర్, కిరసనాయిలు, ఆముదం, దాదాపు సమపాళ్ళలో. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరిన రోటరీ ఇంజన్లకీ ఆముదమే పోసేవారని వాడు చెప్తే, అమ్మ సీసా దాచేసేది.

దీనికి ప్లగ్గూ లేదు, బ్యాటరీ లేదు. మర బిగిస్తే సిలిండర్లో పైనున్న చిన్న పిస్టన్ కిందకి జరుగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, ఆ వేడికి ఇంధనం తనంతట తనే అంటుకుంటుంది. ఎంత బిగించాలన్నది చేతికి తెలియాలి.

అన్న పోయాక ఐదేళ్ళు అటక మీద బిస్కెట్ డబ్బాలో పడుంది. తీసి చూస్తే రాయిలా బిగుసుకుపోయింది. లోపలి ఆముదం ఎండి జిగురైపోయింది. రెండు రోజులు కిరసనాయిల్లో నానబెట్టినా కదల్లేదు. తెలిసిన బైకు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, వద్దంటున్నా పట్టుకారుతో ఫ్యాను పట్టి తిప్పబోయాడు. ఫ్యాను విరిగింది, ముందు భాగాన రెండు గాట్లు పడ్డాయి. ఆ గాట్లు చూసినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇంటికొచ్చి స్టీలు గిన్నెలో మరిగే నీళ్ళు పోసి అందులో వేశాను. పది నిమిషాలకి క్రాంకు, అంటే ఫ్యానుని తిప్పే ఇరుసు, కదిలింది. పై పిస్టన్ మాత్రం కిందే ఇరుక్కుపోయింది, మర వదులు చేసినా పైకి రాదు. సిలిండర్లో నాలుగు చుక్కల నూనె వేసి, కొత్త ఫ్యాను బిగించి, వేడి మీదే మెల్లగా తిప్పాను. కింది పిస్టన్ ఆ నూనెని పైకి తోసేకొద్దీ తోసేకొద్దీ, 'టిక్' మని పై పిస్టన్ కదిలింది. బలవంతంగా తిప్పితే పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుందని తర్వాత తెలిసింది, తెలిసుంటే ఆ పని చేసేదాన్ని కాదు.

అప్పుడు కనిపించింది, మర పిడి మీద, సిలిండర్ తల మీద చెరో ఎర్ర చుక్క. నా గోళ్ళరంగు! ఇంటర్లో ఉండగా సీసా మాయమైతే పిన్ని కూతురితో వారం మాట్లాడలేదు నేను. రెండు చుక్కలూ ఎదురెదురుగా వస్తే అదే సరైన బిగువు అన్నమాట.

చుక్కకి చుక్క కలిపి, ఇంజను లేపడానికి రెండు నెలలు ఫ్యానుని వేలితో తిప్పాను. 'తుప్పు తుప్పు' మనడమే తప్ప అందుకోదు. వేలు కమిలిపోయింది. అన్న చేతిలో ఒక్క తిప్పుకే లేచేదని అందరికీ చెప్పుకునేదాన్ని గానీ, ఆలోచిస్తే వాడి చూపుడు వేలికి ఎప్పుడూ సైకిల్ ట్యూబు ముక్క చుట్టే ఉండేది. విసుగొచ్చి చుక్క దాటించి పావు చుట్టు బిగించాను, లేచింది. అన్న లెక్క తప్పిందే అని నవ్వుకున్నాను కూడా. తర్వాత తెలిసింది, నా ఈథర్ సీసా మూత వదులుగా ఉండి సగం ఆవిరైపోయింది, అందుకే అంత బిగించాల్సొచ్చింది. తాజాది కలిపి పోస్తే సరిగ్గా చుక్క మీదే అందుకుంది, అదీ ఎండాకాలం మధ్యాహ్నం. డిసెంబరు పొద్దున్నయితే ఇంకాస్త బిగించాల్సిందే.

కొనమంటానా అంటే, చెప్పలేను. ఎగరేయడమే ముఖ్యమైతే బ్యాటరీ మోటారు హాయి. ఈథర్ దొరకడం కష్టం, నిప్పు దగ్గర దాంతో ఆటలు కావు. నాకు ఎగరేయడం రాదు. పెరట్లో స్టూలుకి బిగించి రెండు నిమిషాలు నడిపి ఆపేస్తాను. ఆ ఆముదం పొగకి పక్కింటావిడ కిటికీ వేసుకుంటుంది, మా అమ్మ మాత్రం వంటింట్లోంచి "లేచిందా?" అని అడుగుతుంది.

ఇంధనం పడీ పడీ పిడి మీది చుక్క సగం కరిగిపోయింది. గీత గీయిద్దామనుకుంటూనే రెండేళ్ళు గడిచాయి.