సెకండరీ ఐడీలో క్రాష్ 4 కొనేవాళ్ళు ముందు ఇది చదవండి

ఫ్రెండ్స్, పీఎస్4 (ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్) గేమ్స్‌ని "ఐడీ" రూపంలో, అంటే గేమ్ కొని ఉన్న ప్లేస్టేషన్ అకౌంట్ రూపంలో, చవగ్గా అమ్మే పేజీలు మనకి రోజూ కనిపిస్తూనే ఉంటాయి కదా, అలాంటి ఒక పేజీలో క్రాష్ బ్యాండికూట్ 4 తీసుకుని నేను పడ్డది ఇంకెవరూ పడకూడదని రాస్తున్నా. ప్రతి బాక్సూ పగలగొట్టి ప్రతి జెమ్మూ వచ్చేదాకా వదలనివాళ్ళు మాత్రం తప్పకుండా చదవండి.

అమ్మినతను చెప్పింది ఇది: "అన్నా, ఐడీ పాస్‌వర్డ్ పంపిస్తా, లాగిన్ అయ్యి ఆ ఐడీలోనే ఆడుకో, నెట్ ఆన్‌లో ఉండాలి, పాస్‌వర్డ్ మాత్రం మార్చకు, లైఫ్‌టైమ్ గ్యారంటీ." దీన్నే వాళ్ళు సెకండరీ అంటారు. ప్రైమరీ అంటే వాళ్ళ ఐడీకి మన కన్సోల్‌ని ప్రైమరీగా యాక్టివేట్ చేయడం, రేటు ఎక్కువ, కానీ మన సొంత ఐడీలో ఆడుకోవచ్చు. అతను చెప్పనిది ఏంటంటే, సెకండరీలో సేవ్ ఫైలూ (ఎక్కడిదాకా ఆడామో దాచే ఫైల్) ట్రోఫీలూ అన్నీ ఆ ఐడీ మీదే పడతాయి, మన పేరు మీద ఒక్కటీ రాదు.

మామూలు గేమ్ అయితే పోనీలే అనుకోవచ్చు. పీఎస్1లో గంటకింత ఇచ్చి క్రాష్ ఆడి పెరిగినవాళ్ళకి 2020లో వచ్చిన ఈ నాలుగోది ఎంత పెద్ద విషయమో నేను చెప్పక్కర్లేదు, కథ కూడా 1998 నాటి మూడో గేమ్ వార్ప్డ్ అయిపోయిన దగ్గర నుంచే మొదలవుతుంది. కానీ దీంట్లో 106%, అంటే గేమ్‌లో ఉన్నవన్నీ పూర్తి చేయడం మాటలు కాదు. ఒక్కో లెవెల్‌కి ఆరు జెమ్స్, మళ్ళీ అదే లెవెల్ తిరగేసి ఎన్.వర్టెడ్ మోడ్‌లో ఇంకో ఆరు, టైమ్ ట్రయల్‌లో ప్లాటినం, ఒక్కసారి కూడా చావకుండా వెళ్తేనే దొరికే ఫ్లాష్‌బ్యాక్ టేపులు, వీటన్నిటికీ మించి ఎన్. సేన్‌లీ పర్ఫెక్ట్ రెలిక్, అంటే లెవెల్‌లో ఉన్న బాక్సులన్నీ పగలగొట్టాలి, ఒక్కసారి కూడా చావకూడదు, రెండూ ఒకే రన్‌లో అవ్వాలి. కార్టెక్స్ కాజిల్ అనే లెవెల్‌లో చివరిదాకా వచ్చాక లెక్క చూస్తే ఒక్క బాక్స్ తక్కువ, అది వెనకెక్కడో కెమెరాకి కనపడని మూల ఉండిపోయింది, మళ్ళీ మొదటి నుంచి. అలా ఓపిగ్గా ఒక్కోటీ సంపాదించుకున్న సేవ్ అది.

ఒకరోజు ఆన్ చేస్తే గేమ్ బొమ్మ మీద తాళం గుర్తు. పాస్‌వర్డ్ మారిపోయింది. మెసేజ్ పెడితే రెండు రోజులకి రిప్లై, "ఒరిజినల్ ఓనర్ ఐడీ వెనక్కి తీసుకున్నాడు, కొత్త ఐడీ సగం రేటుకి ఇస్తా, పాత యూజర్‌ని డిలీట్ చేసి ఇది పెట్టుకో" అని. ఇక్కడ చాలా జాగ్రత్త, పీఎస్4లో యూజర్‌ని డిలీట్ చేస్తే అతని సేవ్ డేటా మొత్తం దాంతోపాటే పోతుంది. నేను చేయలేదు. సేవ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి నా ఐడీలో పెడదామంటే తీసుకోలేదు, సేవ్ ఏ ఐడీదైతే ఆ ఐడీలోనే తెరుచుకుంటుంది. సెకండ్ హ్యాండ్ డిస్క్ కొని ఆ పాత యూజర్‌లోనే ఆడదామని చూశా, ఆ ఐడీ వేరే దేశపు స్టోర్‌దంట, మన దగ్గర దొరికే డిస్క్‌కి ఆ సేవ్ కనపడనే లేదు. డబ్బు గురించి అడిగితే బ్లాక్ చేశాడు.

ప్రైమరీ అయితే సేఫ్ కదా అని అడుగుతారేమో, సేవ్ వరకూ సేఫే, ట్రోఫీలూ మీవే, కానీ ఐడీ ఓనర్ వెబ్‌సైట్ నుంచి అన్ని కన్సోల్స్‌నీ ఒకేసారి డీయాక్టివేట్ చేసేయొచ్చు, అప్పుడు గేమ్ మీకు లాక్ అయిపోతుంది. పైగా ఇలా ఐడీలు అమ్మడం ప్లేస్టేషన్ రూల్స్‌కే విరుద్ధం, కాబట్టి ఐడీ బ్యాన్ అయినా కంపెనీ వాళ్ళని అడగడానికి మనకి ఏమీ ఉండదు.

డిస్క్ కొనండి, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు, సొంత ఐడీలో ఆడండి. లేదా స్టోర్‌లో సేల్ దాకా ఆగండి, ఈ గేమ్ సగం కంటే తక్కువకే చాలాసార్లు వచ్చింది. 2022 జులైలో పీఎస్ ప్లస్ మెంబర్లకి నెలవారీ గేమ్స్‌లో కూడా ఇచ్చారు, అప్పుడు క్లెయిమ్ చేసినవాళ్ళు లైబ్రరీలో ఒకసారి చూసుకోండి, సబ్‌స్క్రిప్షన్ ఉంటే ఆడుకోవచ్చు.

ఆల్రెడీ సెకండరీలో ఆడుతున్నవాళ్ళు ఇవాళే ట్రోఫీలు ఓపెన్ చేసి ఎవరి పేరు మీద పడుతున్నాయో చూడండి, మీది కాకపోతే ఇంకో జెమ్ కోసం కూడా టైమ్ పెట్టకండి. డబ్బు పోయినవాళ్ళు యూపీఐ స్క్రీన్‌షాట్, చాట్ మొత్తం దాచుకుని సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.