తెలుగు వార్త చదవడానికి ఏది మేలు: పత్రికా, టీవీనా, ఫోనా?

హైదరాబాదులో ఇవాళ ఒకే సంఘటన మూడు రూపాల్లో మన ముందుకు వస్తోంది: జరిగిన కాసేపటికే ఫోనులో, ఆ వెంటనే టీవీ తెర అడుగున సాగే స్క్రోలింగులో, మర్నాడు తెల్లవారేసరికి గుమ్మంలో పడే పత్రికలో. ఏది ముందు చెబుతుందో అందరికీ తెలిసిందే. అయితే రాసినవారికీ చదివేవారికీ నడుమ మరో మనిషి ఆ కాపీని, అంటే రాసిన వార్తను, చూశాడా, చూడడానికి అతనికి తీరిక దొరికిందా అన్నదాన్ని బట్టే ఈ మూడింటినీ బేరీజు వేయాలని నా అభిప్రాయం. భాష పాడవుతోందన్న బాధ ఉండనే ఉంది. మాట తప్పితే వార్తే తప్పిపోతుందన్నది అంతకన్నా పెద్ద బాధ.

‘విద్యార్థిని కొట్టిన టీచర్‌పై కేసు’ అన్న శీర్షికనే తీసుకోండి. దెబ్బలు తిన్నది అబ్బాయా, అమ్మాయా? శీర్షికను బట్టి చెప్పలేం. పైగా ఆడపిల్లే టీచరును కొట్టిందన్న అర్థం కూడా అందులోంచి తీయవచ్చు. ‘బాలుణ్ని కొట్టిన’ అనో, ‘బాలికను కొట్టిన’ అనో రాస్తే చిక్కంతా విడిపోయేది. పత్రికలో దీన్ని పట్టుకోవలసినవాడు సబ్‌ఎడిటర్. విలేకరి పంపిన కాపీని డెస్కు, అంటే ఆఫీసులో సబ్‌ఎడిటర్లు పనిచేసే విభాగం, దిద్ది, అవసరమైతే తిరగరాసి, శీర్షిక పెట్టి, పేజీ కట్టాక ప్రింటు తీసి మరొకరికి చూపే పద్ధతి సరిగ్గా నడిచినచోట ఇలాంటి శీర్షిక బతికి బయటపడదు. ఫోనులో వచ్చే వార్తల విషయంలో రాసినవారే శీర్షిక పెట్టి, ఫొటో ఎక్కించి, ప్రచురించే పరిస్థితి చాలాచోట్ల కనిపిస్తోంది. తాము రాసింది తమకు స్పష్టంగానే ఉంటుంది కనుక రెండో అర్థం వారి కంట పడదు.

టీవీ స్క్రోలింగు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఐదారు మాటల్లో సంగతి ముగించాలన్న ఇరుకులో ‘పోలీసుల కథనం ప్రకారం’, ‘ఆరోపణ’ వంటి మాటలే మొదట ఎగిరిపోతాయి. తప్పు వెళ్ళినా దాన్ని సవరించిన లైను మన కంట పడుతుందన్న నమ్మకం లేదు. శాసనసభ సమావేశాలు, ఓట్ల లెక్కింపు వంటి ప్రత్యక్ష ప్రసారాలకు టీవీ మంచిదే గాని, చదవడానికి కాదు.

నేర వార్తల్లో నా ఓటు పూర్తిగా పత్రికకే. ‘భార్యను చంపిన భర్త అరెస్టు’ అని రాయడానికీ, ‘భార్య హత్య కేసులో భర్త అరెస్టు’ అని రాయడానికీ మధ్య ఒక మనిషి జీవితమంత తేడా ఉంది. ఎఫ్ఐఆర్ నమోదైతే దర్యాప్తు మొదలైందని అర్థం; కోర్టు తేల్చేదాకా అతను నిందితుడే, దోషి కాడు. బాధితుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం, చట్టం అనుమతించిన సందర్భాల్లో తప్ప, లైంగిక నేరాల బాధితులను గుర్తుపట్టే వివరాలు ప్రచురించినవారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పేరు రాయకుండానే కాలనీ, అపార్ట్‌మెంటు, తండ్రి నడిపే దుకాణం రాసేస్తే ఆ ఇల్లు తెలిసిపోయినట్టే. అనుభవమున్న సబ్‌ఎడిటర్ ఆ మూడింటినీ కొట్టేస్తాడు. ఫోనులో ముందు వార్త బయటికి వెళ్ళి, ఆనక ఎవరో అభ్యంతరం చెబితే తీసేసినా, అప్పటికే స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టివస్తాయి.

వాన రోజున మాత్రం ఫోనును కాదనలేం. మూసీ పక్కన చాదర్‌ఘాట్‌లోనో మూసారాంబాగ్‌లోనో ఉండేవారికి మర్నాటి పత్రికతో పని జరగదు. కానీ అక్కడ కూడా అంకెలు రాసే తీరు చూస్తే భయం వేస్తుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నిల్వ. 11,574 క్యూసెక్కుల ప్రవాహం రోజంతా సాగితే ఒక టీఎంసీ అవుతుంది. నగరం పక్కనున్న హిమాయత్‌సాగర్ జలాశయం మొత్తం సామర్థ్యమే సుమారు 3 టీఎంసీలు కాగా, ‘హిమాయత్‌సాగర్‌కు 3 టీఎంసీల వరద’ అని, ఎంతసేపట్లోనో చెప్పకుండా రాస్తే చదివినవాడు ఇల్లు ఖాళీ చేయాలా, ఊరుకోవాలా? వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం, 204.5 దాటితే అత్యంత భారీ వర్షం. ఈ మూడింటినీ కలిపి ‘కుండపోత’ అనేస్తే హెచ్చరికకు విలువ పోతుంది. అందుకే వానాకాలంలో వార్తా యాప్‌లకన్నా నేరుగా వాతావరణ శాఖ బులెటిన్, నగర నీటి సరఫరా సంస్థ జలమండలి ప్రకటన చూడడం మేలంటాను.

పత్రికను మెచ్చుకుంటున్నానంటే అది నిర్దోషమని కాదు. మొదటి పేజీకి దక్కే శ్రద్ధ లోపలి సిటీ పేజీలకు దక్కడం లేదు. ‘సుమారు 23 మంది’, ‘కనీసం పదిమందికి పైగా’ వంటి ప్రయోగాలు అక్కడ తరచూ కనిపిస్తాయి. ఒకే వార్తలో ఒకే పేరు రెండు రకాలుగా ఉంటుంది. ఇంగ్లిషు ఏజెన్సీ కాపీని యంత్రం తెనిగించినట్టు ‘పోలీసులచే అరెస్టు చేయబడ్డాడు’ అన్న వాక్యం దిగిపోతుంది. చిక్కడపల్లి గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పత్రికల్లోని అంకెలను, పథకాల పేర్లను నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకుంటారు. ఆ పేజీలో జారిన సున్నా వారి నోటు పుస్తకంలోనూ జారుతుంది. సిటీ పేజీ దిద్దేవారి సంఖ్య తగ్గించి ఖర్చు మిగిలిందనుకునే యాజమాన్యాలు ఆ పిల్లలను ఒకసారి తలచుకోవాలి.

సవరణల సంగతి కూడా చూడాలి. పత్రిక తన తప్పును లోపలి పేజీలో చిన్న అక్షరాల్లోనైనా ‘సవరణ’ అని వేస్తే, అది అచ్చులో ఉండిపోతుంది. ఫోను వార్తను నిమిషంలో సరిదిద్దవచ్చు. ఆ సౌకర్యం పత్రికకు లేదు. కానీ ఏం మార్చారో చెప్పకుండా మార్చేస్తే, పొద్దున చదివి నమ్మినవారికి తాము నమ్మింది తప్పన్న సంగతే తెలియదు. కనుక నేర, కోర్టు వార్తలకూ, లెక్కలకూ మర్నాటి పత్రికనే ఎంచుకుంటాను. ఫోనులోనే చదవక తప్పనివారు, వార్త కింద ఏ సమయానికి ఏది మార్చారో రాసే సైటును వెతికి పట్టుకోవాలి. అలా రాయనివారికి ప్రతి తప్పునూ ఆధారంతో సహా రాసి పంపాలి.