సిస్టోమెట్రీ, ఈఎంజీ జంట పరికరం: ఆరేళ్ల వాడకం తర్వాత

భీమవరం పరిసరాల్లోని ఒక ఫార్మసీ కళాశాల ప్రయోగశాలలో, ఎలుకల మూత్రవిసర్జనను నమోదు చేసే ఈ పరికరాన్ని ఆరేళ్లుగా వాడుతున్నాను. మూత్రాశయంలోకి సెలైన్‌ను పంపే పంపు, అక్కడి పీడనాన్ని కొలిచే ట్రాన్స్‌డ్యూసర్ (ఈ కొలతే సిస్టోమెట్రీ), మూత్రమార్గాన్ని మూసి ఉంచే సంవరణి కండరపు విద్యుత్ సంకేతాన్ని అందుకొనే ఈఎంజీ యాంప్లిఫయర్ ఇందులో ఉన్నాయి. పీడనాన్నీ కండరపు సంకేతాన్నీ ఒకే కాలరేఖపై చూపడమే దీని అసలు విలువ.

మనిషిలో మూత్రాశయం సంకోచించేటప్పుడు బాహ్య సంవరణి సడలి, దాని విద్యుత్ సంకేతం దాదాపు ఆగిపోతుంది. ఎలుకలో మాత్రం ఆ కండరం సెకనుకు 4 నుంచి 8 సార్లు బిగుస్తూ వదులుతూ, లాకు తలుపును గబగబా దించి ఎత్తినట్లుగా, మూత్రాన్ని చిన్న చిన్న ధారలుగా వదులుతుంది. ఆ లయ పీడనపు గీత శిఖరం మీద సన్నని అలలుగా కనిపించాలి.

మొదటి ఏడాది మాకు ఆ అలలు కనిపించలేదు. ఈఎంజీలో లయ స్పష్టంగా ఉన్నా పీడనపు గీత నున్నగా రావడంతో, మత్తుమందు మోతాదునే అనుమానించి ప్రయోగాన్ని పలుమార్లు తిరిగి చేశాం. చివరికి చూస్తే మూత్రాశయాన్ని ట్రాన్స్‌డ్యూసర్‌కు కలిపే గొట్టంలో ఆవగింజంత గాలిబుడగ ఉంది. గాలి కుదించుకుపోయే గుణం గలది కనుక, మెల్లగా పెరిగే పీడనాన్ని దాటనిచ్చి వేగవంతమైన మార్పులను మింగేస్తుంది. ఆ పొరపాటుకు బలైన జంతువులను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. అప్పటి నుంచి మరిగించి చల్లార్చిన సెలైన్‌నే గొట్టంలో నింపుతున్నాం, ప్రతి ప్రయోగానికీ ముందు నీటి స్తంభంతో ట్రాన్స్‌డ్యూసర్‌ను సరిచూస్తున్నాం.

ఐసోఫ్లూరేన్ అనే మత్తుమందు మూత్రవిసర్జన ప్రతివర్తనను (తనంతట తానే జరిగే స్పందనను) అణచివేస్తుంది కనుక యూరేథేన్ అనే మత్తుమందు వాడాము. యూరేథేన్ క్యాన్సర్ కారకం. చేతి తొడుగులు తప్పనిసరి, మత్తు ఇచ్చిన ఎలుకను తిరిగి మేల్కొల్పకూడదు.

వర్షాకాలపు తేమకు ఈఎంజీ కనెక్టర్లు చిలుము పట్టాయి. వాటిని సిలికా జెల్‌తో మూత బిగించిన డబ్బాలో దాచాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్నప్పుడు సంకేతంలో రొద ఎక్కువవుతుంది, ఎర్త్ తీగను విడిగా వేయించాక కొంత తగ్గింది. పంపు ఎలుకలకు నిమిషానికి 0.04 మిల్లీలీటర్ల వేగంతో నిలకడగా పనిచేసింది గానీ, చుంచెలుకలకు అవసరమైన తక్కువ వేగంలో పెద్ద సిరంజి పెడితే ఆగి ఆగి తోస్తుంది. 1 మిల్లీలీటరు సిరంజి పెట్టాక ఆ ఇబ్బంది పోయింది.

ట్రాన్స్‌డ్యూసర్‌ను మూత్రాశయం ఎత్తులోనే నిలిపే స్టాండు ఈ సెట్టుతో రాదు. దాన్ని మేము ఊళ్లోని వెల్డింగు షాపులో చేయించుకున్నాం.