మిద్దె మీద ఎక్స్‌పీఎస్ బోర్డు: కర్నూలు ఎండలో ఒక వేసవి వాడాక

కల్లూరు వైపు మూడు సెంట్లలో ఇల్లు కట్టుకుని పోయిన ఉగాదికి ముందు చేరాం. మిద్దె మీద వేయించిన ఎక్స్‌పీఎస్ బోర్డు (ఎండ వేడి కిందికి దిగకుండా ఆపే గట్టి నురగ పలక) గురించి చుట్టాలంతా అడుగుతున్నారు కాబట్టి, వేసవి మొత్తం దాని కింద పడుకున్నాక రాస్తున్నా.

ప్లాన్ గీసేటప్పుడు మా ఇంజినీరు ఎకో నివాస్ సంహిత అని ఒకటి చెప్పాడు. ఇళ్లకు కరెంటు ఖర్చు తగ్గేలా 2018లో బీఈఈ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ తెచ్చిన కోడ్ అది, ఏసీలకు ఫ్యాన్లకు స్టార్లు ఇచ్చేదీ వాళ్లే. 500 చదరపు మీటర్లు, అంటే పన్నెండు సెంట్లు దాటిన స్థలాల కోసం రాశారు, మన మూడు సెంట్లను ఎవరూ పట్టించుకోరు. అయినా అందులో ఒక లెక్క నా బుర్రలో ఉండిపోయింది: పైకప్పు యూ వాల్యూ 1.2 దాటకూడదు. పైనుంచి వేడి ఎంత సులువుగా దిగుతుందో చెప్పే అంకె అది. మనం పోసే ఆరంగుళాల స్లాబుకు 3 పైనే ఉంటుంది. మా జేజి వాళ్ల చౌడు మిద్దెలో మే నెల మధ్యాహ్నం కూడా నిద్ర పట్టేది, మరి అంత మందంగా మట్టి ఉండేది పైన. ఇప్పుడేమో స్లాబు పగలంతా కాగి, రాత్రి పదకొండింటికి కూడా నెత్తిన వేడి కక్కుతుంది.

తెల్ల కూల్ పెయింట్ చాలదా అన్నారు కొందరు. ఎండను వెనక్కి కొడుతుంది, నిజమే, చవక కూడా. కానీ మన దుమ్ముకు ఆ తెలుపు ఎన్నాళ్లుంటుంది? పైగా రంగు వేసినంత మాత్రాన యూ వాల్యూ మారదు. బోర్డు అంగుళం మందం ఉన్నా 1.2 లోపలికి వచ్చేస్తుంది, నేను రెండంగుళాలది వేయించా.

ఇక కొన్న షాపు కథ. పేరు రాయను. ఎక్స్‌పీఎస్‌కు డబ్బు తీసుకుని ఆటోలో పంపింది మామూలు థర్మాకోల్! అంచు గోటితో గిల్లితే పూసలు పూసలుగా రాలింది. అసలు ఎక్స్‌పీఎస్ అలా రాలదు, బ్లేడుతో కోస్తే నున్నగా తెగుతుంది. "రెండూ ఒకటే సార్" అన్నాడు ఫోన్లో. ఒకటెలా అవుతాయి, కాంక్రీటు బరువుకు అణగకుండా, నీళ్లు పీల్చకుండా ఉండాలనే కదా ఎక్కువ డబ్బు పెట్టింది. మార్చడానికి ఆరు రోజులు తిప్పుకున్నాడు, అందులో రెండు రోజులు వాన, బేల్దారి పని ఆగి నాకు ఒకటే టెన్షన్.

పని మాత్రం శుభ్రంగా జరిగింది. ముందు వాటర్‌ప్రూఫింగ్, దాని మీద సందులు లేకుండా బోర్డులు, పైన జాలీ పరిచి సన్నటి కాంక్రీటు, చివర తెల్ల టైల్స్. అంతా కలిపి రెండు మూడు ఏసీల ఖర్చయింది, ఇది దాచను.

ఫలితమా? మే నెలలో రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి సీలింగుకు అరచేయి ఆనించా, గోడ ఎలా ఉందో అదీ అలాగే ఉంది. ఇంతకుముందున్న అద్దె ఇంట్లో ఇదే పని చేస్తే చేయి వెనక్కి లాక్కున్నా. ఏసీ మానేశామని అబద్ధం చెప్పను, రాత్రి ఓ గంట వేసి ఆపేస్తే తెల్లారేదాకా ఫ్యాన్ చాలు. ఆ ఫ్యాన్లు కూడా తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారువి, పాతవి 75 వాట్లు తింటే ఇవి 30 దగ్గర తింటాయి. బయటి గోడలకు ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు ఇటుకలు, వాడాం, బాగానే ఉన్నాయి, పిల్లర్ల దగ్గర ప్లాస్టరింగుకు సన్నటి పగుళ్లు వచ్చాయి, అంతే.

బోర్డుకు ఐదుకు నాలుగున్నర, షాపుకు ఒకటి. ఆ అర తగ్గించింది నా తప్పుకే: మెట్లగది పైకప్పు చిన్నదే కదా అని వదిలేశా, ఇప్పుడు సాయంత్రం మెట్లెక్కితే అక్కడ పొయ్యి దగ్గర నిలబడ్డట్టే ఉంటుంది. వచ్చే ఎండలలోపు అదీ చేయిస్తా, ఈసారి బోర్డులు ఆటో ఎక్కించక ముందే గిల్లి చూస్తా.