తక్కువ శిక్షపై పునఃపరిశీలన: ఇంగ్లండ్, వేల్స్ అటార్నీ జనరల్ కార్యాలయ సేవ

దోపిడీ కేసులో కుర్రాడికి శిక్ష మరీ తక్కువనిపిస్తే అప్పీలు కోరే దారి ఇది. 1988 క్రిమినల్ జస్టిస్ చట్టం 36వ సెక్షన్ దీనికి ఆధారం. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. బాధితులే కాదు, ఎవరైనా అడగొచ్చు, ఒక్క అభ్యర్థన చాలు. నిందితుడి పేరు, కోర్టు, శిక్ష తేదీ, నేరం రాయండి.

అసలు చిక్కు గడువు. శిక్ష పడ్డాక 28 రోజులే, అందులోనే అటార్నీ జనరల్ లేదా సొలిసిటర్ జనరల్ ఫైలు చదివి అప్పీల్ కోర్టుకు పంపాలి. ఇరవై ఏడో రోజున అడిగితే చదివే తీరిక ఉండదు. మొదటి వారంలోనే పంపండి.

రెండో చిక్కు, ఇది తీవ్ర నేరాలు విచారించే క్రౌన్ కోర్టు శిక్షలకే. పద్దెనిమిదేళ్లలోపు వారి దోపిడీ కేసు, మైనర్ల కేసులు చూసే యూత్ కోర్టులోనే ముగిస్తే తలుపు మూసినట్టే. ఇది చాలామందికి తెలియదు, ముందే చెప్పాల్సింది.

తక్కువ అనిపించడం చాలదు. ఏ జడ్జీ సమంజసంగా వేయలేనంత తక్కువ కావాలి. వయసు, పరిణతి, తప్పు ఒప్పుకోవడం లెక్కలోకొస్తాయి కాబట్టి కుర్రాళ్ల కేసుల్లో ఈ గడప ఎత్తే. వాదన రాసేటప్పుడు కోపం కాదు, కత్తి చూపారా, గాయమెంత అన్నవి, ఏ నేరానికి ఎంత శిక్షో సూచించే సెంటెన్సింగ్ కౌన్సిల్ మార్గదర్శకాలతో పోల్చి రాయండి.